అత్తమ్మకు బెల్టు తీయడం రాలేదు

"ఇది ఏడ నొక్కాల్రా?"

శంషాబాద్‌లో విమానం ఇంకా కదల్లేదు. బెల్టు పెట్టుకోవడం ఎయిర్‌హోస్టెస్‌ని చూసి మా అత్తమ్మ ఒక్కసారికే నేర్చుకుంది. తీయడం దగ్గర ఆగిపోయింది. మా కారులో బెల్టు పక్కన ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే ఊడి వస్తుంది. విమానం బెల్టుకు బటన్ ఉండదు, బకిల్ మీదున్న రేకును పైకెత్తాలి. చెప్దామనుకునేలోపే విమానం కదిలింది. ఆమె కిటికీకి అతుక్కుపోయింది, నేను మర్చిపోయాను.

అత్తమ్మ అంటే మా నాన్న చెల్లెలు. ఊరు జనగామ దగ్గర. వయసు 68, విమానం ఎక్కడం అదే మొదటిసారి. అమ్మకు 71. వాళ్లిద్దరినీ కాశీ తీసుకెళ్తానని నాన్న చనిపోయిన ఏడాదే మాటిచ్చాను. సెలవు దొరకడానికి మూడేళ్లు పట్టింది. పోయిన ఏప్రిల్ చివర్లో నేను, మా ఆవిడ, వాళ్లిద్దరూ బయల్దేరాం. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని అత్తమ్మ కోరిక. నా సెలవు నాలుగు నిద్రలకే సరిపోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. మందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. నెలకు రెండుసార్లయినా విమానం ఎక్కుతాను. ఎయిర్‌హోస్టెస్ బెల్టు చూపిస్తుంటే ఫోన్ చూసుకునే బాపతు. సీటు బెల్టు సైన్ ఆరగానే బెల్టు తీసేయడం నాకు ఇంటికి రాగానే చెప్పులు విడిచినంత అలవాటు. ఆ టింగ్ శబ్దం వినగానే నా వేళ్లు వాటంతటవే బకిల్ ఎత్తేసేవి. పెట్టుకోవాలన్నప్పుడు పెట్టుకున్నాను, తీయొచ్చన్నప్పుడు తీశాను, ఇందులో తప్పేముంది అనుకునేవాణ్ని.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం విమానం. గంగాజలం నింపి మూతలు మూసిన రాగి చెంబులు చెక్-ఇన్ సామానులో వేశాం. కాశీ దారాలు, అన్నపూర్ణ గుళ్లో ఇచ్చిన బియ్యం అమ్మ ఒళ్లో సంచిలో ఉన్నాయి. కిటికీ పక్కన అత్తమ్మ, మధ్యలో అమ్మ, ఈ చివర నేను. నడవకు అవతల మా ఆవిడ. తను కూర్చోగానే శాలువా కప్పుకుని, దాని మీద నుంచి బెల్టు పెట్టుకుని కళ్లు మూసేసింది. బెల్టు శాలువా కింద ఉంటే పెట్టుకున్నారో లేదో చూడ్డానికి సిబ్బంది వచ్చి లేపుతారట, అందుకని పైనుంచి. నిద్ర కోసం చేసిన ఏర్పాటు అది, భద్రత కోసం కాదు. ఆ మాట తనే ఒప్పుకుంటుంది.

పైకి వెళ్లాక సైన్ ఆరింది. అమ్మకు పొద్దున తిన్న పూరీలు ఇంకా అరగలేదు. "కడుపు మీద ఒత్తుతుందిరా" అంది.

"సైన్ ఆరిపోయింది కదమ్మా, తీసెయ్, హాయిగా కూర్చో" అని నా చేత్తోనే ఆమె బెల్టు తీశాను. నాదీ తీసుకున్నాను. అత్తమ్మ వైపు చూస్తే ఆమె బకిల్ పక్కన ఏదో నొక్కుతోంది, ఊడటం లేదు. అడగడానికి మొహమాటపడిందేమో, "నాకేం ఒత్తుతలేదు, ఉండనీ" అని కొంగు సర్దుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. దిగాక మా ఆవిడకు చెప్పి నవ్వించాలనుకున్నాను కూడా.

గంట దాటింది. నాగపూర్ దగ్గర్లో ఉన్నామని ముందు సీటు కుర్రాడి ఫోన్లో మ్యాప్ చూపిస్తోంది. కిటికీలోంచి దూరంగా పెద్ద తెల్లటి మబ్బు గోపురంలా లేచి కనిపిస్తోంది. "ఎంత సక్కగుందో సూడు వదినా" అంటోంది అత్తమ్మ. మేమున్న చోట మాత్రం ఎండ. వెనక వరసలో ఒకాయన కప్పు ఉప్మా కొనుక్కుని, వేడినీళ్లు పోయించుకుని, మూత మూసి పెట్టుకున్నాడు. ఆ వాసన అందరికీ తగులుతోంది.

మొదట గతుకుల రోడ్డు మీద బస్సు పోయినట్టు రెండు మూడు కుదుపులు. అంతమాత్రం మామూలే. టింగ్‌మని సైన్ వెలిగింది. నా చెయ్యి అమ్మ బెల్టు వైపు వెళ్లింది. అక్కడిదాకా చేరలేదు.

నేను ఎగిరినట్టు నాకు తెలియలేదు. సీలింగే కిందికి దిగి నెత్తిన కొట్టినట్టనిపించింది. తర్వాత కుడి పక్కటెముకల మీద సీటు చెయ్యి గుచ్చుకుంది. అంతలో మళ్లీ మామూలుగా కూర్చున్నట్టే ఉన్నాను, కాకపోతే సీట్లో కాదు, సగం నడవలో. ఇదంతా ఎంతసేపు పట్టిందని తర్వాత చాలామంది అడిగారు. ఒక తుమ్ము తుమ్మినంతసేపు.

కళ్ల మీదికి వెచ్చగా ఏదో కారింది. వేడినీళ్లనుకున్నాను. రక్తం. పైన సీలింగుకు ఉప్మా అంటుకుని ఉంది. ఆవాలతో సహా ముద్దలు ముద్దలుగా కిందపడుతోంది. ఈ ఒక్క దృశ్యం చెప్పినప్పుడు మాత్రం వినేవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆయన తొడ కాలి బొబ్బలెక్కిందని చెప్పాక నవ్వు ఆగిపోతుంది.

అమ్మ అత్తమ్మ ఒళ్లో అడ్డంగా పడి ఉంది. కింది పెదవి తెగింది, కళ్లజోడు లేదు, ఎడమ భుజం పట్టుకుని మూలుగుతోంది. అత్తమ్మ మాత్రం కూర్చున్నచోటే ఉంది. రెండు చేతులతో అమ్మను పొదివి పట్టుకుని "ఏం గాలే వదినా, ఏం గాలే" అంటోంది. మా ఆవిడ శాలువా కూడా చెదరలేదు.

ఆ తర్వాతి పది నిమిషాలు నాకు మరీ బాగా గుర్తున్నాయి. నెత్తి నుంచి రక్తం కారుతోంది, కాల్ బటన్ నొక్కుతున్నాను, ఎవరూ రావడం లేదు. సిబ్బందిని కూర్చోమని కెప్టెన్ మైకులో గట్టిగా చెప్పడం మాత్రం వినిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బులు తీసుకుని ఇదేం మర్యాద అని అరిచాను కూడా. మా ఆవిడ శాలువా మడిచి నా తలకు అదిమి, "ఏమండీ, ముందు బెల్టు పెట్టుకోండి" అంది. పెట్టుకున్నాను. అమ్మకు పెట్టాను. వేళ్లు వణుకుతుంటే అదే బకిల్ రెండుసార్లు జారిపోయింది.

కోపం దిగింది నడవలోకి చూశాకే. నాలుగు వరసల వెనక ఒక ఎయిర్‌హోస్టెస్ నేల మీద కూలబడి ఉంది. అటూ ఇటూ ఇద్దరు ప్రయాణికులు వంగి ఆమె భుజాలు గట్టిగా పట్టుకున్నారు. కుదుపు వచ్చినప్పుడు ఆమె ఉప్మాకు వేడినీళ్లు పోసిన బండిని వెనక్కి నెడుతోంది. తన సీటుదాకా వెళ్లే టైము లేకపోతే ఉన్నచోటే కూర్చోవాలని వాళ్లకు ట్రైనింగట. మా కూతురి వయసు ఉంటుందేమో. తర్వాత కెప్టెన్ లేవొచ్చని చెప్పగానే మొదట నా దగ్గరికి వచ్చింది ఆ అమ్మాయే, కుంటుకుంటూ. "సారీ సర్, లేట్ అయింది" అంది. ఏమనాలో నాకు తోచలేదు.

ఇలాంటి ఘటనల్లో ఎక్కువ దెబ్బలు తగిలేది వాళ్లకేనని ఇంటికొచ్చాక తెలిసింది. అమెరికా విమానయాన శాఖ లెక్క ప్రకారం 2009 నుంచి 2022 వరకు అక్కడ కుదుపుల్లో తీవ్రంగా గాయపడ్డవాళ్లు 163 మంది. అందులో 129 మంది సిబ్బంది, 34 మంది ప్రయాణికులు. మనం కూర్చుని ఉంటాం, వాళ్లు మన టీ కోసం నిలబడి ఉంటారు.

విమానంలో డాక్టరెవరైనా ఉన్నారా అని అడిగితే ఒక పిల్లల డాక్టరమ్మ లేచి వచ్చింది. తల కట్టు కట్టింది. టార్చి వేసి నా కళ్లు చూసింది, పేరు, ఊరు, ఏ వారమని అడిగింది. "వాంతి వస్తున్నట్టుందా?" అని మాటిమాటికీ అడుగుతూనే ఉంది. అమ్మ భుజాన్ని మెల్లగా తిప్పి చూసి, జారలేదులే అంది. ముందు వరసలో ఆరేడు నెలల పాప ఒకటి ఉంది. తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టులో ఉండటంతో ఏడుపు తప్ప దానికి ఏమీ కాలేదు. రెండేళ్లలోపు పిల్లలకు ఇచ్చే ఆ బెల్టును ఏడుస్తున్నారని తీసేసే తల్లులే ఎక్కువ, ఈ తల్లి తీయలేదని డాక్టరమ్మ మెచ్చుకుంది.

కెప్టెన్ మైకులో మాట్లాడాడు. మబ్బులకు దూరంగానే చుట్టు తిరిగి వస్తున్నామని, అయినా తగిలిందని, విమానానికి ఏమీ కాలేదని, శంషాబాద్‌లో అంబులెన్సులు సిద్ధంగా ఉన్నాయని చెప్పాడు. "కాశీకి పోయినోడు కాటికి పోయినోడు ఒకటే అంటరు, మనం తిరిగొచ్చినంక కూడా అయిపోలే" అంది అత్తమ్మ. అమ్మ తెగిన పెదవితోనే నవ్వింది.

దిగేటప్పుడు జరిగింది చెప్పకుండా ఉండలేను. చక్రాలు నేలకు తగిలాయి. విమానం ఇంకా రన్‌వే మీద పరుగెడుతోంది. క్లిక్, క్లిక్, క్లిక్. గంట కింద సీలింగుకు ఉప్మా చూసిన జనం, పక్కవాడి రక్తం చూసిన జనం, బెల్టులు తీసి బ్యాగుల కోసం లేస్తున్నారు. గాయపడ్డవాళ్లను ముందు దింపాలి, అందరూ కూర్చోండి అని సిబ్బంది మూడుసార్లు బతిమాలుకోవాల్సి వచ్చింది. ముందు సీటు కుర్రాడు అప్పటికే క్యాబ్ బుక్ చేస్తున్నాడు.

వీల్‌చైర్ మీద ఎయిర్‌పోర్టు మెడికల్ సెంటర్‌కు తీసుకెళ్లారు. గాయం కడిగి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ తీయించాలని ఎల్బీ నగర్ వైపున్న ఒక ప్రైవేటు హాస్పిటల్‌కు పంపారు. తలకు ఆరు కుట్లు పడ్డాయి. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. పక్కటెముక విరగలేదు, లోపల బాగా కమిలింది. కట్టు కడతారనుకున్నాను. కట్టకూడదట. ఛాతీ బిగించేస్తే ఊపిరి పైపైనే తీసుకుంటాం, కఫం పేరుకుని న్యుమోనియా రావొచ్చు అన్నాడు డాక్టరు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గంటకోసారి పీల్చమన్నాడు. నొప్పికి రెండు బంతులే లేచేవి. మూడోది లేవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. దగ్గితే నరకం, తుమ్మితే అంతకన్నా ఎక్కువ. ఆ మూడు వారాలూ మా ఇంట్లో పోపు తక్కువ పెట్టారు.

ఒక రాత్రి అబ్జర్వేషన్‌లో ఉంచి పొద్దున్నే పంపేశారు. 24 గంటలు నిండలేదు కాబట్టి నా ఆరోగ్య బీమా వర్తించదన్నారు. బిల్లులన్నీ ఎయిర్‌లైన్‌కు మెయిల్ చేశాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది. నాలుగు మెయిళ్లు, రెండు ఫోన్ల తర్వాత స్కాన్ ఖర్చు వచ్చింది, అమ్మ కళ్లజోడు ఖర్చు రాలేదు. కళ్లజోడు ఆ కంపెనీ విమానంలోనే ఎక్కడో ఇంకా ఉండే ఉంటుంది.

అంతకన్నా నాకు వింతగా అనిపించింది వాళ్ల సేఫ్టీ విభాగం నుంచి వచ్చిన ఫోన్. చాలా మర్యాదగా మాట్లాడారు. కానీ అడిగినవి రెండే ప్రశ్నలు. ఎముక ఏదైనా విరిగిందా? హాస్పిటల్‌లో 48 గంటలకు మించి ఉన్నారా? రెండింటికీ లేదనగానే అటువైపు గొంతు తేలికపడినట్టు అనిపించింది. ఎందుకో తర్వాత అర్థమైంది. అంతర్జాతీయ నిబంధనల్లో తీవ్ర గాయానికి ఒక నిర్వచనం ఉంది. ఏడు రోజుల్లోపు మొదలై 48 గంటలు దాటి హాస్పిటల్‌లో ఉండాల్సి రావడం, వేళ్లూ ముక్కూ కాకుండా ఇంకే ఎముకైనా విరగడం అందులోకి వస్తాయి. విమానంలో ఒక్కరికి అలాంటి గాయమైనా కాగితాల మీద అది ప్రమాదం అవుతుంది, దర్యాప్తు మొదలవుతుంది. నా పక్కటెముక విరగకపోవడంతో మాది ఘటనగానే ఆగిపోయిందన్నమాట. కుంటుకుంటూ వచ్చిన ఆ ఎయిర్‌హోస్టెస్ మడమ సంగతి అడిగాను. సిబ్బంది వివరాలు చెప్పకూడదన్నారు.

మా ఉప్పల్ కాలనీలో ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. దుండిగల్‌లో చాలాకాలం పనిచేశారు. నన్ను చూడ్డానికి వచ్చి, బత్తాయిలు టేబుల్ మీద పెట్టి, మొదట అడిగిన మాట: "బెల్టు ఉందా?"

"సైన్ ఆరిపోయి ఉంది సార్."

"నేను సైన్ అడగలేదు."

ఆయన దగ్గర నేను రెండు గంటలు పాఠం విన్నాను. విమానం ముక్కులో ఉండే రాడార్ మబ్బుల్లోని నీటి బొట్లను చూస్తుంది, గాలిని చూడలేదు. వాన మబ్బు పై కొసల్లో నీళ్లు మంచు పలుకులవుతాయి, అవి రాడార్‌కు సరిగ్గా ఆనవు. మబ్బు పక్కన ఎండలో కనబడే గాలి కూడా కుతకుత ఉడుకుతూ ఉండొచ్చు. అందుకే పెద్ద ఉరుముల మబ్బుకు కనీసం 20 మైళ్ల దూరం ఉంచాలంటారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం దాటాక లేచే మబ్బులు చూస్తుండగానే వేల అడుగులు పెరుగుతాయి. అత్తమ్మ చక్కగుందని చూసింది అలాంటిదాన్నే. ఇక అసలు మబ్బే లేకుండా, ఎత్తున వేగంగా పారే గాలి ప్రవాహాల అంచుల్లో వచ్చే కుదుపులు వేరు. వాటికి ఆ రాడార్‌లో గుర్తే ఉండదు, ముందు వెళ్లిన విమానం చెబితే తెలియాలి. అట్లాంటిక్ మహాసముద్రం మీద అలాంటి తీవ్రమైన కుదుపులు 1979తో పోలిస్తే 2020 నాటికి 55 శాతం పెరిగాయని ఇంగ్లండులోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు 2023లో తేల్చారని కూడా చెప్పారు.

"ఎయిర్ పాకెట్‌లో పడ్డామని పేపర్లో రాస్తారు కదండీ" అన్నాను. ఆకాశంలో గాలి లేని గుంటలేమీ ఉండవు, గాలి నిలువుగా కిందికీ పైకీ కొడుతుంది, విమానం దానితో పాటు పోతుంది, నువ్వు మాత్రం పోవు అన్నారు. నాకు సీలింగు దిగి వచ్చినట్టనిపించడం భ్రమ కాదన్నమాట. అది నిజంగానే దిగింది. నేనే గాల్లో ఆగిపోయాను. రెక్కలు ఊగుతుంటే భయపడతాం కానీ, ఎదురయ్యే అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా వాటిని చేస్తారు. విమానానికి అంత జాగ్రత్త తీసుకుంటారు. లోపలున్న మనకు రెండంగుళాల వెడల్పు పట్టీ ఒక్కటే ఆధారం, అదీ మనం పెట్టుకుంటేనే.

ఆయన చెప్పినవాటిలో నన్ను నిద్రపోనివ్వనిది సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం సంగతి. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ పోతూ మయన్మార్ మీద 37,000 అడుగుల ఎత్తున కుదుపులో చిక్కింది. 73 ఏళ్ల ప్రయాణికుడొకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు, విమానాన్ని బ్యాంకాక్‌లో దించారు. ఆ విమానం రికార్డర్ విప్పి చూసి దర్యాప్తు అధికారులు రాసిన ప్రాథమిక నివేదికను తర్వాత నేనే వెతుక్కుని చదివాను. సీటు బెల్టు సైన్ వేసినట్టు పైలట్ అన్న 8 సెకన్లకు అసలు దెబ్బ తగిలింది. శరీరం మీద భారం 0.6 సెకన్లలో తలకిందులైంది, అంటే కూర్చోబెట్టే బలం కాస్తా పైకి విసిరే బలమైంది. బెల్టు లేనివాళ్లు గాల్లోకి లేచారు. ఆ వెంటనే 4 సెకన్లలో భారం తిరిగి మామూలును మించిపోయి, లేచినవాళ్లను కిందికి కొట్టింది. ఆ పడటంలో విమానం కోల్పోయిన ఎత్తు 178 అడుగులు, దాదాపు చార్మినార్ అంత.

ఎనిమిది సెకన్లు. నేను ఇంట్లో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూశాను. నిద్రలో ఉన్న మనిషి లేచి, దుప్పటి కింద రెండు కొసలు వెతికి, సరిగ్గా గుచ్చి, బిగించుకోవడానికి చాలవు. నాకైతే అంత కూడా దొరకలేదు. ఇన్నాళ్లూ నేను ఆ సైన్‌ను ట్రాఫిక్ సిగ్నల్‌లా చూశాను, ఎర్ర దీపం పడితేనే ఆగాలన్నట్టు. అసలు సైన్ ఆరినప్పుడు కూడా వాళ్లు మైకులో ఒక మాట చెబుతారు, కూర్చున్నంతసేపూ బెల్టు ఉంచుకోమని. వందసార్లు విన్నాను. తీయొచ్చని వాళ్లెప్పుడూ అనలేదు, లేవొచ్చని మాత్రమే అన్నారు.

మన దగ్గరా జరిగింది. 2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ పోయిన విమానం దిగే ముందు ఇలాగే కుదుపుకు లోనైంది. 14 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది గాయపడ్డారు. వాళ్లలో ఒకాయన కొన్ని నెలలకు చనిపోయారు. ఆ వార్త అప్పట్లో నేను చదివాను. ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఇడ్లీ తింటూ చదివాను, గంట తర్వాత విమానం ఎక్కి సైన్ ఆరగానే బెల్టు తీశాను.

కుట్లు తీసిన నెలకు ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లనని చెప్పలేదు కానీ ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. బెల్టు బిగించుకున్నాను, పొట్ట మీద కాదు, కిందికి, తుంటి ఎముకల మీద. పొట్ట మీద ఉంటేనే ఒత్తేది. అమ్మకు ఆ రోజు ఈ ముక్క చెప్పి రెండంగుళాలు కిందికి జరిపి ఉంటే సరిపోయేది. పైకి వెళ్లాక కొంచెం వదులు చేశాను, నాలుగు వేళ్లు దూరేంత. టాయిలెట్‌కు వెళ్లి వచ్చి కూర్చోగానే మళ్లీ పెట్టాను. టీ మాత్రం తీసుకోలేదు. ఆ సింగపూర్ సంస్థ కూడా 2024 ఘటన తర్వాత సైన్ వెలిగి ఉండగా వేడి పానీయాలు ఇవ్వడం మానేసింది. పక్క సీటాయన నన్ను కాసేపు చూసి, "సైన్ ఆఫ్ అయింది సార్, తీసేయొచ్చు" అన్నాడు, నా మంచి కోరి. నేను తల వంచి కుట్ల మచ్చ చూపించాను. ఆయన ఏం మాట్లాడలేదు. ఒక నిమిషం ఆగి క్లిక్‌మని చప్పుడైంది.

అత్తమ్మ జనగామలో ఇప్పుడు పెద్ద ప్రయాణికురాలు. బెల్టు తీయడం ఎలాగో మొత్తానికి నేర్పించాను. నేర్చుకుని, "అయితే ఇక నేర్వకుండనే ఉంటే మంచిగుండు" అంది.

అమ్మ భుజం నెలన్నరకు నెమ్మదించింది. కాశీ ప్రసాదం కోసం, మమ్మల్ని చూసిపోవడానికి చుట్టాలు వారాల తరబడి వచ్చారు. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే, బెల్టు పెట్టుకోలేదా పిన్నీ అని. ఒకరోజు నేను లోపలి గదిలో బంతుల డబ్బా పీలుస్తున్నాను. బయట వరండాలో అమ్మ గొంతు వినిపించింది. "వాడు వద్దనే అన్నడు. ఒత్తుతుందని నేనే తీసిన. పెద్దతనం కదా, నాకు తెలుస్తదా." అంతకుముందు వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పిందని తర్వాత మా ఆవిడ అంది.

నేను బయటికి వెళ్లి అది కాదని చెప్పలేదు. మూడు బంతుల్లో రెండే లేస్తున్నాయి అప్పటికి. ఇప్పుడు చెబుతున్నాను. తీసింది నేనే.